యథా రాజా తథా ప్రజా? పోజ్నాన్ కోట, పారిష్ చర్చి చెప్పే మూడు వందల ఏళ్ల కథ

ఫ్రెండ్స్, కిందటి నెల మా స్టడీ రూమ్‌లో ఎస్సే ప్రాక్టీస్ పెట్టుకున్నాం. టాపిక్ "యథా రాజా తథా ప్రజా". నేను ఉత్సాహంగా ఒక ఉదాహరణ రాశాను: "966లో రాజు మియెష్కో జ్ఞానస్నానం తీసుకోవడంతో పోలండ్ క్రైస్తవ దేశమైంది." పేపర్ దిద్దిన సీనియర్ అన్న ఆ వాక్యం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన రెండే మాటలు రాశాడు: "ఎవరెవరు? ఎప్పటికి?"

మొదట కోపం వచ్చింది. పుస్తకంలో ఉన్నదే కదా రాశాను అనుకున్నాను. తర్వాత చదవడం మొదలుపెడితే తెలిసింది, ఆ రెండు ప్రశ్నలకీ నా దగ్గర జవాబు లేదని. ఈ పోస్టు ఆ జవాబు కోసం రాసుకున్నది. జీఎస్‌లో ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దం నుంచే మొదలవుతుంది కాబట్టి ఈ టాపిక్ సిలబస్‌లో నేరుగా లేదు. కానీ ఒక తేదీని ఎలా చదవాలో నాకు దీనితోనే అర్థమైంది. అది హిస్టరీ ఆప్షనల్ వాళ్లకీ, ఎస్సే పేపర్‌కీ పనికొస్తుంది.

పోలండ్ మొత్తాన్ని కాకుండా ఒక్క ఊరినే తీసుకుందాం. పశ్చిమ పోలండ్‌లో వార్టా నది ఒడ్డున ఉన్న పోజ్నాన్.

1. కోట: కర్ర, మట్టి, రాయి

వార్టా నదికీ, దానిలో కలిసే త్సిబినా అనే చిన్న ఏటికీ మధ్య ఒక లంక ఉంది. ఇప్పుడు దాని పేరు ఓస్ట్రూఫ్ తుమ్‌స్కి. ఓస్ట్రూఫ్ అంటే లంక, తుమ్ అంటే కథీడ్రల్. కానీ కథీడ్రల్ కంటే ముందే అక్కడ కోట ఉంది. పోలిష్‌లో ఇలాంటి కోటను గ్రుద్ అంటారు. కోట అనగానే మనకు గోల్కొండ లాంటి రాతి బురుజులు గుర్తొస్తాయి. గ్రుద్ అలాంటిది కాదు. ఓక్ దుంగలను అడ్డంగా, నిలువుగా వరుసలు వరుసలుగా పేర్చి, మధ్యలో మట్టి, ఇసుక నింపి, బయటి అంచున రాళ్లు వేసి కట్టిన పెద్ద కట్ట అది.

ఇంజినీరింగ్ చదివినవాడిగా నన్ను ఆపేసింది ఆ కట్ట కట్టిన పద్ధతి. నింపిన మట్టి బరువుకు దుంగలు బయటికి తోసుకొస్తాయి. ఇప్పుడు మనం రిటైనింగ్ వాల్‌కు యాంకర్లు వేసి ఆ తోపుడును ఆపుతాం. వాళ్లు కొమ్మ మొదలు కొక్కెంలా మిగిలేట్టు దుంగలను నరికేవారు. ఆ కొక్కెం వెనక ఇంకో దుంగను అడ్డంగా పెట్టి బిగించేవారు. ఈ కొక్కేల పద్ధతి తొలి పోలిష్ రాజుల కోటల్లో పదే పదే కనిపిస్తుంది. పోజ్నాన్ కట్ట అడుగున ఇరవై మీటర్లకు పైగా వెడల్పు ఉండేది. ఆ కట్ట భాగాలను తవ్వి తీసిన చోటే ఇప్పుడు ఒక పురావస్తు ప్రదర్శనశాల ఉంది. గాజు మీద నుంచి కిందికి చూస్తే దుంగల వరుసలు కనిపిస్తాయి.

ఇంత పని ఒక ఊరివాళ్లు తీరిక వేళల్లో చేసుకునేది కాదు. చెట్లు నరకాలి, లాగాలి, నదిలో తేల్చి తేవాలి, వాళ్లందరికీ తిండి పెట్టాలి. అంటే పని చేయించగల అధికారం ఒకటి అప్పటికే పుట్టింది.

అది ఎప్పుడు? చెట్ల వలయాలు చెబుతాయి. దుంగలోని వలయాల వెడల్పులను తెలిసిన వరుసతో పోల్చి, ఆ చెట్టు ఏ కాలంలో నరికారో తేల్చే పద్ధతిని డెండ్రోక్రోనాలజీ అంటారు. ఈ పద్ధతి రాకముందు గ్నియెజ్నో లాంటి పెద్ద కోటలు ఇంకా చాలా పాతవని అనుకునేవారు. కలప తేదీలు తేలాక, ఆ కోటల గొలుసు చాలావరకు 10వ శతాబ్దం మధ్యలోనే లేచిందని తెలిసింది. గ్నియెజ్నో కోట సుమారు 940 నాటిది. దగ్గర్లోని లెద్నిట్సా సరస్సులో, కోట ఉన్న లంకకు వేసిన కర్ర వంతెన 963-964 నాటిది. అదే కాలంలో చుట్టుపక్కల పాత తెగల కోటలు చాలా కాలిపోయాయి, లేదా ఖాళీ అయ్యాయి.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే, మియెష్కో వంశం (పియాస్ట్ వంశం) నెమ్మదిగా ఎదిగి రాజ్యమైంది కాదు. ఒకటి రెండు తరాల్లోనే పాత కేంద్రాలను తుడిచి కొత్తవి కట్టింది. ఆ కోటల్లో కాపలా ఎవరు? స్పెయిన్‌లోని తోర్తోసా నుంచి వచ్చిన యూదు యాత్రికుడు ఇబ్రహీం ఇబ్న్ యాకూబ్ 960 దశకంలో మియెష్కో గురించి రాశాడు. ఆయన రాసిన దాని ప్రకారం, మియెష్కో దగ్గర 3,000 మంది కవచధారులు ఉన్నారు. వసూలు చేసిన పన్నుల నుంచే వాళ్లకు జీతం. వాళ్లకు బిడ్డ పుడితే దానికీ భత్యం. ఆ సంఖ్యను అక్షరాలా నమ్మక్కర్లేదు కానీ, పన్నుతో పోషించే సైన్యం అనే చిత్రం మాత్రం స్పష్టం.

2. కోటలో చర్చి: అది ఎవరి చర్చి?

965లో మియెష్కో బొహీమియా (నేటి చెక్ ప్రాంతం) రాజకుమార్తె డోబ్రావాను పెళ్లాడాడు. 966లో జ్ఞానస్నానం. 968లో జోర్డాన్ అనే బిషప్ వచ్చాడు. పక్కనే ఉన్న జర్మన్ రాజ్యం పడమటి స్లావ్ తెగలను లొంగదీసుకుని తన బిషప్‌లను పెడుతున్న రోజులవి. బొహీమియా వైపు నుంచి మతం తీసుకోవడంలో రాజకీయ లెక్క ఉందని చాలామంది చరిత్రకారులు అంటారు.

పోజ్నాన్ లంకలో దీనికి పురావస్తు ఆధారాలు రెండు ఉన్నాయి. మొదటిది రాజభవనం. ఇప్పటి సెయింట్ మేరీ చర్చి దగ్గర 1999లో ఒక రాతి భవనం పునాదులు బయటపడ్డాయి. దానికి సంబంధించిన కలపలో ఒకటి 941 తర్వాత నరికినదని తేలింది. "తర్వాత" అన్న మాట గమనించండి. దుంగ బయటి వలయాలు పోతే, చెట్టు కచ్చితంగా ఏ ఏడు నరికారో చెప్పలేం. ఏ ఏటికి ముందు నరకలేదో మాత్రమే చెప్పగలం. ఆ భవనానికి ఆనుకుని ఒక చిన్న ప్రార్థనా మందిరం కూడా ఉంది. డోబ్రావా ప్రార్థనా మందిరం అదే కావచ్చని చాలామంది భావన.

రెండోది కథీడ్రల్. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో అది బాగా దెబ్బతింది. తిరిగి కట్టేముందు అడుగున తవ్వితే తొలి రాతి చర్చి అవశేషాలు, రాజుల సమాధులు అనుకునే కట్టడాలు, సున్నపు గారతో చేసిన ఒక గుండ్రటి తొట్టి దొరికాయి. మొదట అందరూ దాన్ని జ్ఞానస్నానపు తొట్టి అన్నారు. తర్వాత వచ్చినవాళ్లలో కొందరు, అది చర్చి కట్టేటప్పుడు గార కలుపుకున్న గుంత అయ్యుండొచ్చు అన్నారు. వాదన ఇంకా తెగలేదు. ఒకే వస్తువు ఒకరికి ఒక దేశం మతం మారిన చోటు, మరొకరికి మేస్త్రీల గుంత. మనం ఏ ఆధారాన్ని చూసినా ఈ తొట్టిని గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అన్న ప్రశ్నకు వద్దాం. ఈ చర్చి ఎవరిది? రాజుది, ఆయన కుటుంబానిది, ఆ కవచధారులది. కట్ట లోపల ఉన్నవాళ్లది. కట్ట బయట పొలాల్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. ఆ తరం గురించి రాసిన జర్మన్ బిషప్ థీట్‌మార్ చరిత్రలో రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి. డోబ్రావా భర్తను దారికి తెచ్చుకోవడానికి ఉపవాస కాలంలో కావాలనే మాంసం తిన్నదని ఆయన రాశాడు. అదే ఆయన, మియెష్కో కొడుకు బొలెస్వాఫ్ కాలంలో ఉపవాస వేళ మాంసం తిన్నవాడి పళ్లు ఊడగొట్టేవారనీ రాశాడు. రాణి మాంసం తింటే అది మత ప్రచారంలో నేర్పు. రైతు తింటే పళ్లు పోతాయి. మతం ఇంకా జనంలోకి దిగలేదు, ఆజ్ఞగానే ఉంది అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

3. 1038: ఒక్క దెబ్బకు కూలిన గొలుసు

ఆజ్ఞ మీద నిలబడ్డది ఆజ్ఞ ఇచ్చేవాడు బలహీనపడగానే కూలుతుంది. 1030 దశకంలో రాజవంశంలో తగాదాలు వచ్చాయి. కింది నుంచి తిరుగుబాటు లేచింది. దాంట్లో చర్చి మీద వ్యతిరేకత కూడా కలిసింది. ఆ అదను చూసి 1038-39 ప్రాంతంలో బొహీమియా పాలకుడు బ్రెటిస్లావ్ దండెత్తాడు. గ్నియెజ్నో నుంచి సెయింట్ అడాల్బర్ట్ అవశేషాలను ప్రాగ్‌కు తీసుకుపోయాడు. పోజ్నాన్ కూడా పాడైంది. 12వ శతాబ్దం మొదట్లో రాసిన గాల్లస్ అనే చరిత్రకారుడి మాటల సారం ఏమిటంటే, ఆ నగరాలు ఎంత కాలం పాడుబడ్డాయంటే సెయింట్ అడాల్బర్ట్ చర్చిలోనూ సెయింట్ పీటర్ చర్చిలోనూ అడవి మృగాలు కాపురం పెట్టాయి. సెయింట్ పీటర్ చర్చి అంటే పోజ్నాన్ కథీడ్రలే.

పోజ్నాన్‌కు ఆగ్నేయంగా గియెచ్ అనే మరో కోట ఉండేది. అక్కడా రాజభవనానికి పునాదులు వేశారు, కానీ భవనం పూర్తి కాలేదు. ప్రాగ్‌కు చెందిన కోస్మాస్ రాసిన ప్రకారం గియెచ్ జనం బ్రెటిస్లావ్‌కు లొంగిపోయి, పశువులతో సహా బొహీమియాకు తరలిపోయారు. అక్కడ వాళ్లకు అడవిలో కొంత భాగం ఇచ్చి స్థిరపడమన్నారు. గియెచ్ ఈ రోజు ఒక పల్లెటూరు. పోజ్నాన్ మాత్రం పెద్ద నగరం. రెండూ ఒకే గొలుసులోని కోటలే. కాబట్టి, కోట ఉంటే ఊరు దానంతట అదే పట్టణమవుతుందన్న సూత్రం నిలబడదు.

తర్వాత వచ్చిన కజీమిర్ రాజ్యాన్ని నిలబెట్టాడు. పునరుద్ధారకుడు అని ఆయనకు బిరుదు. కానీ రాజ్యానికి బరువు క్రాకో వైపు జరిగింది. పోజ్నాన్ కథీడ్రల్‌ను మళ్లీ కట్టారు. ఈసారి కథ నెమ్మదిగా నడిచింది.

4. పారిష్ అంటే ఏమిటి?

చర్చి వేరు, పారిష్ వేరు. చర్చి ఒక కట్టడం. పారిష్ ఒక హద్దు. మన తెలుగు క్యాథలిక్కులు దీన్నే "విచారణ" అంటారు. ఈ గీత లోపల పుట్టినవాడికి జ్ఞానస్నానం, పెళ్లి, చావు అన్నీ ఈ గురువు దగ్గరే. పంటలో దశమభాగం ఏ చర్చికి పోవాలో కూడా లెక్క ఉంటుంది. అంటే పారిష్‌లో మతం, పన్ను, జనాభా లెక్క మూడూ ఒకే చోట కలుస్తాయి.

పోలిష్ నేల మీద ఈ హద్దులు 966లో గీసినవి కావు. మొదట కోటల్లోనే చర్చిలు. తర్వాత 11, 12 శతాబ్దాల్లో దొరలు, మఠాలు తమ భూముల్లో సొంత చర్చిలు కట్టుకున్నారు. అవి కట్టినవాడి ఆస్తి లాంటివి. గురువును పెట్టేది కూడా ఆయనే. జనం మొత్తాన్నీ ఏదో ఒక గీత లోపలికి తెచ్చే వల 12, 13 శతాబ్దాల్లోనే అల్లుకుంది. దాన్ని బిగించిన అంతర్జాతీయ కారణం ఒకటుంది. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ, వయసొచ్చిన ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా తన సొంత గురువు దగ్గర పాపసంకీర్తనం చేయాలనీ, ఈస్టర్‌కు సత్ప్రసాదం తీసుకోవాలనీ శాసించింది. "తన సొంత గురువు" అనగానే, ఎవరి గురువు ఎవరో తేల్చక తప్పదు.

రాతల్లో లేనిది సమాధులు చెబుతాయి. పాత స్లావ్ పద్ధతిలో శవాన్ని దహనం చేసేవారు. క్రైస్తవం వచ్చాక పూడ్చడం వచ్చింది. అయితే 11వ శతాబ్దంలో కూడా చాలాచోట్ల చర్చికి దూరంగా, పొలాల పక్కన వరుసలుగా పూడ్చేవారు. సమాధిలో కత్తులు, పూసలు, నాణేలు పెట్టేవారు. చర్చి ఆవరణలో, వస్తువులేమీ లేకుండా పూడ్చడం 12, 13 శతాబ్దాల్లో మామూలైంది. ఊరివాళ్లు తమ చనిపోయినవాళ్లను చర్చి పక్కకు తెచ్చిన రోజే ఆ చర్చి వాళ్లది అయిందని నా అభిప్రాయం.

5. 1253: ఊరు నది దాటింది

ఇప్పుడు మళ్లీ పోజ్నాన్. లంక చుట్టూ అప్పటికే వాడలు పెరిగాయి. తూర్పు ఒడ్డున శ్రుద్కా అనే సంత వాడ ఉంది. పోలిష్‌లో బుధవారాన్ని శ్రోదా అంటారు. బుధవారం సంత జరిగేది కాబట్టి ఆ పేరు. అక్కడ సెయింట్ మార్గరెట్ చర్చి ఉంది. పడమటి ఒడ్డున, అంటే ఎడమ గట్టున, సెయింట్ మార్టిన్, సెయింట్ గోథార్డ్ చర్చిల చుట్టూ చిన్న వాడలు. 1244లో డొమినికన్ సన్యాసులు శ్రుద్కా నుంచి ఈ ఎడమ గట్టుకు మారారు.

1253లో రాకుమారులైన అన్నదమ్ములు ప్షెమిస్వ్, బొలెస్వాఫ్ (ఈయన్ని భక్తుడు అంటారు, పైన చెప్పిన పాత బొలెస్వాఫ్ కాదు) ఎడమ గట్టున కొత్త పట్టణానికి శాసనం ఇచ్చారు. గూబెన్ ఊరి నుంచి వచ్చిన థామస్‌ను పట్టణ పెద్దగా పెట్టి, మాగ్డెబర్గ్ చట్టం ఇచ్చారు. అంటే జర్మన్ పట్టణాల పద్ధతిలో సొంత కోర్టు, సొంత నిర్వాహకులు, కొలిచి పంచిన స్థలాలు. మధ్యలో పక్కకు సుమారు 140 మీటర్ల చదరపు సంత మైదానం. ఇప్పటి పాత మార్కెట్ స్క్వేర్ అదే. రాజుల కొత్త కోట కూడా ఎడమ గట్టు మీది గుట్ట మీదికే వచ్చింది. లంకలో బిషప్, కథీడ్రల్ మిగిలాయి.

కొత్త పట్టణానికి చట్టం ఉంది, సంత ఉంది, గోడ లేస్తోంది. కానీ అక్కడివాడికి బిడ్డ పుడితే ఎక్కడికి తీసుకెళ్లాలి? నది దాటి వెళ్లాలా? అందుకే 1260 దశకంలో సెయింట్ మేరీ మాగ్డలీన్ పేర పట్టణ పారిష్ చర్చి వచ్చింది. దాన్ని సంత మైదానం మధ్యలో కాకుండా, ఒక మూల నుంచి కాస్త లోపలికి కట్టారు. ఇది కోట చర్చి కాదు, బిషప్ పీఠం కాదు, దొర సొంత చర్చి కాదు. వర్తకులు, చేతిపనివాళ్లు, వాళ్ల కుటుంబాలు తమదిగా వాడుకున్న చర్చి. మియెష్కో జ్ఞానస్నానానికీ దీనికీ మధ్య సుమారు మూడు వందల ఏళ్లు. అన్న అడిగిన "ఎప్పటికి?"కి నా జవాబు ఇదే.

ఆ చర్చి ఇప్పుడు లేదు. 1780లో మంటల్లో దెబ్బతింది. ప్రష్యా పాలనలో 19వ శతాబ్దం మొదట్లో మిగిలినది కూల్చేశారు. ఆ స్థలం ఇప్పుడొక ఖాళీ చౌక్. ఈ మధ్య దాన్ని బాగుచేస్తూ తవ్వినప్పుడు పునాదులు, సమాధులు బయటపడ్డాయి. కానీ పారిష్ పోలేదు. పక్కనే ఉన్న పాత జెసూట్ చర్చిలోకి మారింది. ఊళ్లో ఇవాళ కూడా దాన్ని ఫారా అంటారు. ఫారా అంటే పారిష్ చర్చి అనే అర్థం. కట్టడం పోయినా హద్దు మిగిలింది. పారిష్ కట్టడం కాదు, సంస్థ అని పైన చెప్పింది ఇందుకే.

6. మనం ఏం నేర్చుకోవాలి?

హిస్టరీ ఆప్షనల్ వాళ్లకు ఆర్.ఎస్. శర్మ "ఇండియన్ ఫ్యూడలిజం" (1965), బి.డి. ఛట్టోపాధ్యాయ "ది మేకింగ్ ఆఫ్ ఎర్లీ మీడీవల్ ఇండియా" (1994) మధ్య వాదన తెలిసిందే. భూదానాలతో కేంద్రం బలహీనపడిందా, లేక రాజ్యం అనే పద్ధతి కొత్త ప్రాంతాల్లోకి దిగిందా? పోజ్నాన్ చూస్తే రెండో ప్రశ్న విలువ తెలుస్తుంది. రాజధాని కూలడం ఒక కథ, సంస్థ ఊళ్లోకి దిగడం ఇంకో కథ. రెండూ ఒకే కాలంలో నడవొచ్చు. అయితే పోలికను లాగి సాగదీయకూడదు. మన గుడికి దానంగా వచ్చిన ఊళ్లు ఉన్నాయి కానీ, ఒక గీత లోపల పుట్టిన ప్రతివాడూ ఆ గుడికే కట్టుబడాలన్న నియమం లేదు. పారిష్‌కు ఆ నియమమే ప్రాణం. జవాబులో పోలిక రాస్తే తేడా కూడా రాయండి, మార్కులు అక్కడే ఉంటాయి.

రివిజన్ కోసం నా నోట్స్‌లో ఇలా రాసుకున్నాను:

- సుమారు 940-964: కోటల గొలుసు. ఆధారం: కలప వలయాలు. అర్థం: పని చేయించే అధికారం.
- 966, 968: రాజు మతం, బిషప్. ఆధారం: రాతలు, కథీడ్రల్ అడుగు. అర్థం: కట్ట లోపలి మతం.
- 1030 దశకం: తిరుగుబాటు, బ్రెటిస్లావ్ దాడి. అర్థం: వేళ్లు లోతుగా దిగలేదు.
- 1215: లాటరన్ మహాసభ. అర్థం: ప్రతి మనిషికీ ఒక గురువు, ఒక హద్దు.
- 1253, 1260 దశకం: పట్టణ చట్టం, పట్టణ పారిష్. అర్థం: మతం దినచర్య అయింది.

ఎస్సేలో నా వాక్యాన్ని ఇప్పుడు ఇలా దిద్దుకున్నాను: "966లో పోలండ్ పాలకుడు క్రైస్తవుడయ్యాడు. ఆయన ప్రజలు క్రైస్తవులు కావడానికి చట్టం, పన్ను, హద్దు, శ్మశానం అన్నీ కలిసి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది." అన్నకు చూపించాను. ఈసారి సున్నా చుట్టలేదు. "మూడు శతాబ్దాల్లో ఎదురు తిరిగినవాళ్ల మాట ఒక్క లైనైనా రాయి" అన్నాడు. అదీ నిజమే. పళ్లు పోగొట్టుకున్నవాడి పేరు ఏ చరిత్రలోనూ లేదు.

ప్రాక్టీస్ ప్రశ్న (250 పదాలు): "పాలకుడి మతమార్పు ఒక సంఘటన, సమాజం మతమార్పు ఒక సంస్థ." తొలి మధ్యయుగ ఐరోపా నుంచి ఒక పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుని చర్చించండి. రాసి కామెంట్‌లో పెట్టండి, ఒకరివి ఒకరం దిద్దుకుందాం.